పట్టు ఎవ్వరిది?

'పట్టు' అను మాటకు తెలుగున అర్థములు పెక్కు కలవు. చక్రమునకు నేలతో గల బిగువు పట్టు. విద్యయందలి ప్రావీణ్యము పట్టు. విడువని సంకల్పమును పట్టే. హద్దు మీరినచో అది మొండిపట్టు. ఇందు మొదటి రెండర్థములును ఒకే క్షణమున, ఒకే పాదము క్రింద పరీక్షకు వచ్చు స్థలము ఒకటి కలదు. అది అమెరికా దేశమునందలి మట్టిబాట కార్ల పందెము. ఇంద్రియములను అశ్వములుగను, బుద్ధిని సారథిగను భావించుటకు అలవడిన జిజ్ఞాసువులకు ఈ ప్రస్తావన మిక్కిలి దూరముగా తోచదు. అయినను ఇచట ఉపమానముకంటె వస్తువే ముఖ్యము. కావున ముందుగా మట్టిని గూర్చియు, చక్రమును గూర్చియు తెలిసికొనవలెను.

ఒహాయో రాష్ట్రపు పశ్చిమ భాగమున రాస్‌బర్గ్ అను చిన్న గ్రామము కలదు. దాని చెంత, చేల నడుమ, ఎల్డోరా స్పీడ్‌వే అను అర్ధ మైలు పొడవు గల అండాకారపు బాట యున్నది. ఎర్ల్ బాల్టెస్ అను నృత్యశాల యజమాని, స్వయముగా వాద్యబృంద నాయకుడు, 1954లో దీనిని నెలకొల్పెను. అర్ధ శతాబ్దము నడిపిన పిమ్మట 2004లో ప్రఖ్యాత సారథి టోనీ స్టీవార్టునకు విక్రయించెను. 1971లో 'వరల్డ్ 100' అను పందెము, 1984లో 'కింగ్స్ రాయల్' అను పందెము ఇచట ఆరంభమైనవి. రెండవదానిలో గెలిచినవానికి నిజముగానే కిరీటము పెట్టి రాజవస్త్రము కప్పుదురు. ఒడలంతయు మట్టి కొట్టుకొనిన మనుష్యుడు ఆ వేషమున నిలుచుట చూచుటకు వింతగా నుండును. కార్లు ఎల్లప్పుడును ఎడమకే తిరుగును. మన దృష్టితో చూచినచో అది అప్రదక్షిణమే!

కింగ్స్ రాయల్‌లో పరుగిడు వాహనమును స్ప్రింట్ కారు అందురు. సారథితో కలిపి దాని బరువు సుమారు 640 కిలోలు. ఇంజను బలము సుమారు 900 హార్స్‌పవర్. సాధారణ కుటుంబపు కారులో సగముకంటె తక్కువ బరువు, నాలుగైదు రెట్ల బలము అన్నమాట. దానికి క్లచ్ లేదు, గేరుబాక్సు లేదు, స్టార్టరు లేదు; వెనుకనుండి వేరొక బండి నెట్టినగాని ఇంజను మేల్కొనదు. ఇంధనము మిథనాల్. వెనుక ఇరుసు ఒకే కడ్డీ యగుటచే రెండు చక్రములును ఒకే లెక్కను తిరుగవలసినదే. కుడి వెనుక చక్రము ఎడమదానికంటె పెద్దదిగా నుండుటచే కారు స్వభావసిద్ధముగా ఎడమకు మొగ్గుచుండును. ఎల్డోరాలో ఇట్టి కారు అర్ధ మైలును 13 సెకన్లకు అటునిటుగా చుట్టివచ్చును.

ఇక మట్టి. బంకమట్టిని నీటి ట్యాంకర్లతో తడిపి, రోలరుతో అణచి బాటను సిద్ధపరచుదురు. సాయంకాలము మొదటి పరుగులవేళ మన్ను జిగటగా నుండి చక్రమును గట్టిగా పట్టుకొనును. అప్పుడు ధైర్యమే చాలును. గంటలు గడచిన కొలది కార్ల రాపిడికి తేమ పోయి, నేల పాలిపోయి, నునుపుదేరి, విద్యుద్దీపముల వెలుగున అద్దమువలె మెరయ నారంభించును. ఊడిన మన్ను బాట వెలుపలి అంచున గట్టువలె పేరుకొనును. ముఖ్యమైన పందెము రాత్రి చివర జరుగును గనుక, అసలు పరీక్ష వచ్చు సమయమునకు నేల అత్యంత కఠినమైన స్థితికి చేరియుండును. ఎచట ఇంకను తేమ మిగిలినదో, ఎచట మెరుపు మోసము చేయునో సారథియే రంగును బట్టి పోల్చుకొనవలెను. ఆ రంగు ప్రతి పరుగునకును మారుచుండును.

మలుపులో సారథి చేయు పని తొలిసారి చూచువారికి తప్పిదమువలె కనిపించును. కారు వెనుక భాగమును బుద్ధిపూర్వకముగా వెలుపలికి జారవిడుచును. ముక్కు లోపలికి తిరిగి, కారు అడ్డముగా ప్రయాణించును. ఎడమకు పోవుచున్న కారులో స్టీరింగు కుడికి త్రిప్పబడి యుండును. అప్పుడు దిశను నిర్ణయించు బాధ్యత చేతినుండి కుడి పాదమునకు మారును. యాక్సిలరేటరు కొంచెము ఎక్కువైనచో వెనుక భాగము ముందుకు వచ్చి కారు గిరగిర తిరుగును. భయపడి పాదమును ఒక్కసారిగా ఎత్తినచో బరువు ముందు చక్రములపైకి దూకి, వెనుక చక్రములు తేలికయై, అదే ఫలము వేరు దారిన ప్రాప్తించును. ఈ రెండింటి నడుమ గల సన్నని చోటును, అదియు స్థిరముగా నుండని చోటును, పాదము వెదకుకొనుచు పోవలెను. 1978లో ప్రారంభమైన 'వరల్డ్ ఆఫ్ అవుట్‌లాస్' అను పందెముల పరంపర రాష్ట్రమునుండి రాష్ట్రమునకు సాగును. ప్రతి ఊరి మన్ను వేరు. అట్టి పరంపరలో స్టీవ్ కిన్సర్ 20 పర్యాయములు అగ్రస్థానమును పొందెను. అదృష్టము ఇన్నిసార్లు, ఇన్ని నేలలపై ఒకరినే వరింపదు గదా!

ఎల్డోరాకు ఏటేట వచ్చు ప్రేక్షకులలో ఒక తెలుగు ఇంజనీరు కలడు. కృష్ణా డెల్టాలోని ఒక పల్లెలో పుట్టి, ఒహాయోలో స్థిరపడి, కార్ల బ్రేకులను, చక్రముల జారుడును అదుపుచేయు సాఫ్ట్‌వేర్ వ్రాయుట వృత్తిగా గలవాడు. దానినే ట్రాక్షన్ కంట్రోల్ అందురు. ఆయన జీవితమున అధికభాగము దేనికొరకు వెచ్చించెనో, సరిగా అదియే ఆ మట్టిబాటపై నిషిద్ధ వస్తువు. ఈ వైరుధ్యమే ఆయనను అచటికి మరల మరల రప్పించినది.

ఆయన వ్రాయు యంత్రబుద్ధి పని యిట్టిది. ప్రతి చక్రము చెంతను ఒక పండ్ల వలయమును, దాని వేగమును లెక్కించు సెన్సరును ఉండును. ఇంజను త్రిప్పు చక్రములు, త్రిప్పని చక్రములకంటె వేగముగా తిరిగినచో జారుట ఆరంభమైనదని అర్థము. వెంటనే ఇంజను బలమును తగ్గించుటయో, జారుచున్న చక్రమునకు బ్రేకు తగిలించుటయో జరుగును. మనుష్యుడు 'అయ్యో' యనులోపల పని ముగియును. ఈ విద్యకే విస్తృతరూపమైన స్టెబిలిటీ కంట్రోల్ 1995లో మెర్సిడెస్ కార్లలో, బాష్ సంస్థ సహకారముతో, వెలుగు చూచినది. అమెరికాలో 2012 మోడల్ నుండి తేలికపాటి వాహనములన్నిటికిని ఇది తప్పనిసరి. దీనివలన నిలిచిన ప్రాణములు అసంఖ్యాకములు. వర్షపు రాత్రి, నిద్రమత్తులో, పిల్లలను వెనుక కూర్చుండబెట్టుకొని ఇంటికి పోవు తల్లికి మట్టిబాట సారథి నైపుణ్యము ఉండవలెనని కోరుట అన్యాయము. ఆ విషయమున ఇంజనీరునకు సందేహము లేదు.

కాని ఆ యంత్రబుద్ధికి మూలమున ఒక భావన కలదు: జారుట దోషము. చక్రము ఎంత జారవచ్చునో ఒక హద్దు నిర్ణయించి, ఆ హద్దునకును వాస్తవమునకును గల భేదమునే అది 'తప్పు' అని గణించును. పొడి తారురోడ్డుపై ఈ భావన చెల్లును. చక్రము 10 నుండి 15 శాతము వరకు జారునపుడు పట్టు గరిష్ఠమై, ఆపైన తగ్గిపోవును. వదులు మట్టిపైనను కంకరపైనను కథ మారును. జారు చక్రము పై పొరను త్రవ్వి, ముందు మన్నును గట్టుగా నెట్టుకొనును. ఆ గట్టే కొంత ఆధారమగును. అందువలననే చక్రము బిగుసుకొనకుండ కాపాడు ఏబీఎస్ బ్రేకులు, తారుపై అంత మేలు చేసినవియు, కంకరపై కారు ఆగు దూరమును పెంచును. ఇది ఆయన స్వయముగా కొలిచిన సంగతి. మట్టిబాటపై జారుట దోషమని యెంచినచో పందెమే ఆగిపోవును. అచట జారుట సాధనము. ఎంత, ఎప్పుడు, ఎందుకు అనునదే విద్య.

ఇది ఆయనకు పూర్తిగా క్రొత్త కాదు. బాల్యమున తండ్రిగారి పొలములో ట్రాక్టరునకు రబ్బరు టైర్లతోపాటు ఇనుప దమ్ము చక్రములు తగిలించి బురద త్రొక్కించుట చూచినవాడే. దిగబడిన ట్రాక్టరును బయటికి తీయుటకు క్రొత్త డ్రైవరు ఇంజను మ్రోగించును. చక్రము తన గోతిని తానే లోతుచేసికొనును. పాత డ్రైవరు ఇంజను తగ్గించి, దిగి, బురదలో చేయి పెట్టి చూచును. పిమ్మట మరల ఎక్కి, వినబడియు వినబడని వేగముతో కదల్చును. పల్లెలో దానిని ఎవరును విద్య యనలేదు. అనుభవము అనిరి.

ఎల్డోరాకు ఆయనను మొదట కొనిపోయినది కార్యాలయమునందలి పరీక్షల విభాగములో పనిచేయు ఒక వృద్ధ మెకానిక్కు. యౌవనమున చిన్న చిన్న మట్టిబాటలపై పందెపు జట్లకు సేవచేసినవాడు. మొదటి రాత్రి ఇంజనీరు కన్నులు చాలక అటునిటు చూచుచుండగా, ఆ వృద్ధుడు కన్నులు మూసికొని వినుమని చెప్పెను. వినగా వినగా తెలిసినది. కొన్ని కార్ల ధ్వని మలుపులో రంపపు పండ్లవలె ఎగసి పడుచుండును: బలము పోయుట, జారుట, బెదరుట, మరల పోయుట. మరి కొన్నిటి ధ్వని ఒక పొడవైన రాగమువలె, ఎచట పెరిగెనో ఎచట తగ్గెనో చెప్పరాని విధమున సాగును. ముందున్న కార్లు ప్రాయికముగా రెండవ తెగవి. మూడవ తెగ ధ్వని ఒకటి కలదని వృద్ధుడు చెప్పెను. మలుపునుండి వెలుపలికి వచ్చు తరుణమున ఇంజను పొడిదగ్గువలె తడబడును గాని, కారు మాత్రము తడబడక ముందుకు సాగును. అది విన్నచో అనుమానింపవలెను. కాని అనుమానము మాత్రమే. ఇంజను వేగమునకు హద్దు పెట్టు న్యాయసమ్మతమైన పరికరము కూడ ఇంచుమించు అట్లే దగ్గును. చెవి ఆధారముగా ఎవరిని దొంగయనరాదు.

ఆ దొంగ పరికరపు రచన ఇంజనీరునకు మిక్కిలి ఆసక్తి కలిగించెను. పందెపు కారులో చక్రములకు సెన్సర్లు తగిలించినచో తనిఖీలో కంటబడును. కావున దాగియుండు పరికరము చక్రములను చూడనే చూడదు. ఇంజను చుట్ల వేగము ఎంత త్వరితముగా పెరుగుచున్నదో మాత్రము గమనించును. పట్టు ఉన్న చక్రముతో ఇంజను అంత త్వరగా వేగము పుంజుకొనలేదు. కావున హద్దుమీరి పుంజుకొన్నచో చక్రము వట్టిగా తిరుగుచున్నదని ఊహించి, ఒకటి రెండు నిప్పురవ్వలను ఆపుటయో, ఆలస్యపరచుటయో చేయును. అరచేతిలో ఇముడునంతటిది, తీగల చుట్టలో దాగగలదు. అధికారులు ఇగ్నిషన్ పెట్టెలను విప్పి చూతురు, సీళ్లు వేయుదురు. అయినను దాచువాని తెలివి వెదకువాని తెలివికంటె ఒక అడుగు ముందుండుట లోకసహజము.

శాస్త్ర పరిభాషలో చెప్పవలెనన్న ఆ పరికరమునకు గలది అనుమాన ప్రమాణము మాత్రమే. సారథికి ప్రత్యక్షము కలదని చెప్ప బుద్ధిపుట్టును. ఇంజనీరు కొంతకాలము అట్లే తలచెను. నిదానించి చూడగా అది సరికాదని తోచినది. సారథి కూడ ధ్వనినుండియు, నడుమునకు తగులు కుదుపునుండియు ఊహించుచునే యున్నాడు. ఆతనికి తెలియునది కూడ పొగనుబట్టి నిప్పే. భేదము వేరొక చోట నున్నది. పరికరము జారుట ఆరంభమైన పిమ్మటనే మేల్కొనును. సారథి మలుపునకు చేరకముందే మెరయు నేలను చూచి, పాదమును అణుమాత్రము తేలికపరచి యుంచును. మరియు పరికరమునకు జారుడు తెలియును గాని, ఆ జారుడు కోరబడినదో కాదో తెలియదు. ముందున్న కారును వెలుపలినుండి దాటుటకు ఒక్క క్షణము అధికముగా జారవలెనని సారథి సంకల్పించినను దానికి అది తప్పే. ఇచ్ఛ ఎరుగని నిగ్రహము అది.

అట్లయినచో దానికి భయపడనేల, నిషేధమేల యని ప్రశ్న. బాట తడిగా నున్నపుడు దానివలన లాభము స్వల్పమే. నేల ఆరి అద్దమైన పిమ్మట, చివరి పరుగులలో పాదము అలసిన వేళ, అది మంచి సారథిని ఇంకను మంచివానిని చేయదు. నడిమితరము వానిని మంచివాని చెంతకు చేర్చును. పందెము దేనిని కొలుచుటకు ఏర్పడినదో దానినే అది చెరిపివేయును. బంగారము తూచు త్రాసుపై వ్రేలు పెట్టినట్లు.

ఇచట ఒక నిజమైన చిక్కు కలదు. మెత్తని టైర్లు, రెక్క వాలు, షాక్ అబ్సార్బర్ల అమరిక, క్రింది వేగమున మృదువుగా పలుకునట్లు సవరించిన ఇంజను, యాక్సిలరేటరు పెడలునకు గట్టి స్ప్రింగు, ఇవన్నియు పట్టును పెంచునవే. వీనిలో అనేకములకు నియమములు అనుమతి ఇచ్చును. పాదమును మృదువుపరచు స్ప్రింగు న్యాయము, నిప్పురవ్వను మృదువుపరచు పరికరము అన్యాయము ఎట్లగును? వృద్ధ మెకానిక్కుతో ఇంజనీరు ఈ విషయమై పెక్కుసార్లు వాదించెను. చివరకు ఆయనకు ఒక గీత కనిపించినది. స్ప్రింగు జారుటను ఎరుగదు. పందెమునకు ముందు మనుష్యుడు తీసికొనిన నిర్ణయమును అది మోసికొనిపోవును. ఆ నిర్ణయము చెడ్డదైనచో ఫలము ఆ రాత్రియంతయు అనుభవించవలసినదే. పరికరము తానే గ్రహించి, తానే నిర్ణయించి, తానే చేయును. గ్రహణము, నిర్ణయము, క్రియ, ఈ మూడును జారు క్షణమున ఎవరివి అనునదే ప్రశ్న. అధికారులు గీచిన గీత తర్కమునకు నిలుచునదే యని ఆయన అభిప్రాయము. గీత నిలిచినను కాపలా కష్టము. కోట్ల ధనముతో నడచు ఫార్ములా వన్ సంస్థ కూడ 1994లో ఈ పరికరమును నిషేధించి, సాఫ్ట్‌వేర్‌లో దాగినదానిని పట్టుట సాధ్యముకాక 2001లో స్పెయిన్ పందెమునుండి మరల అనుమతించినది. 2008లో అన్ని జట్లకును ఒకే కంట్రోల్ యూనిట్ ఇచ్చినగాని నిషేధము మరల నిలువలేదు. పల్లెల నడుమ, శనివారపు రాత్రులు నడచు మట్టిబాటలకు అంతటి సాధనసంపత్తి ఎక్కడిది?

దాచుకొనినవానికి కలుగు నష్టమును గూర్చి ఎవరును అంతగా మాటాడరు. జారుడు పూర్తిగా ఆతని పాదమునకు ఎన్నడును అందదు. పాఠము ప్రారంభము కాగానే గురువు నోరు మూయబడును. మోటారుసైకిళ్ల చరిత్ర దీనిని వేరొక ప్రక్కనుండి చూపును. కాలిఫోర్నియాలోని మోడెస్టోకు చెందిన కెన్నీ రాబర్ట్స్ మట్టిబాటలపై పెరిగినవాడు. ఆ పందెములలో ఎడమ కాలికి ఇనుప పాదరక్ష తొడిగి, నేలను రాచుచు, ముందు బ్రేకు లేని బండిని జారుటతోనే త్రిప్పవలెను. ఆతడు ఐరోపాకు పోయి, తారుబాటపై 500 సీసీ ప్రపంచ విజేతగా 1978, 1979, 1980లలో వరుసగా నిలిచెను. వెనుక చక్రమును జారవిడుచుట అచటివారికి ప్రమాదము, ఆతనికి మాతృభాష. పిమ్మట ఫ్రెడీ స్పెన్సర్, ఎడీ లాసన్, వేన్ రెయినీ వచ్చిరి. అందరును మట్టిలో నేర్చినవారే. 1978 నుండి 1992 వరకు గల 15 సంవత్సరములలో 12 పర్యాయములు ఆ కిరీటము ఈ నలుగురిదే. నేడు ఆ స్థాయి బండ్లన్నిటికిని ట్రాక్షన్ కంట్రోల్ కలదు. అయినను వాలెంటినో రోసీ తన ఊరు తవూలియాలో మట్టిబాట నిర్మించుకొనెను. మార్క్ మార్కెజ్ మట్టిపై సాధన చేయును. యంత్రము కాచుచుండగా కూడ వారు దానికి ముందున్న విద్యను విడువకుండుట ఇంజనీరునకు కనువిప్పు కలిగించెను.

ఈ ఆలోచనలన్నియు వినోదముగా సాగుచుండగనే ఇంటియందు అసలు ప్రశ్న పుట్టినది. కుమారునకు 16 ఏండ్లు నిండినవి. ఒహాయో శీతకాలము నెలల తరబడి మంచు. ఇంటిలోని కారు ముందు చక్రములతో నడచునది. దాని ట్రాక్షన్ కంట్రోల్ ఆపుటకు ఒక బటన్ కలదు. ఒక జనవరి ఆదివారము తెల్లవారుజామున, మూసియున్న ఒక దుకాణపు ఖాళీ పార్కింగ్ స్థలమునకు కుమారుని కొనిపోయి, ఆ బటన్ నొక్కి నేర్పవలెనని ఆయన నిశ్చయించెను. భార్యకు నచ్చలేదు.

"ఏవండీ, వాడికి ఇదంతా ఇప్పుడు అవసరమా? ఎట్లాగూ బండిలో అది ఉంది కదా!"

ఆ మాటకు ఆయనయొద్ద వెంటనే సమాధానము లేకపోయెను. తాను పనిచేయు సంస్థ లోకమునకు చెప్పునది కూడ సరిగా ఆ మాటయే. పైగా ఆమె భయము వృథా కాదు. జారుటను వశము చేసికొంటినని తలచు యువకుడు, జారుటనే ఎరుగని యువకునికంటె ప్రమాదకరుడు కావచ్చును. దారితప్పిన ఆత్మవిశ్వాసము మంచుకంటె నునుపైనది. మెల్లగా, తాను ప్రక్కనుండగా, గంట మాత్రమే యని చెప్పి బయలుదేరెను.

మొదట బటన్ ముట్టలేదు. కుమారుడు మలుపులో యాక్సిలరేటరు నొక్కెను. కారు మూలిగెను, అడుగున ఏదియో టకటకలాడెను, డ్యాష్‌బోర్డుపై పచ్చని దీపము మిణుకుమనెను. కారు నత్తవలె తిరిగి నిలిచెను.

"ఇంతేనా నాన్నా? ఏమీ కాలేదు కదా."

తండ్రి బటన్‌ను నొక్కి పట్టెను. రెండవసారి అదే మలుపులో అదే పాదము. చక్రములు గిర్రున తిరిగినవి. స్టీరింగు పూర్తిగా ఎడమకు త్రిప్పియున్నను కారు నేరుగా మంచుకుప్ప వైపు జారిపోయెను. బాలుడు భయముతో మరింత నొక్కెను. తండ్రి మాటాడలేదు. కుప్పలో ముక్కు దూర్చి కారు నిలిచిన పిమ్మట కూడ మాటాడలేదు. ఆరవ ప్రయత్నముననో ఏడవదాననో బాలుడు నొక్కుటకు మారుగా పాదమును కొంచెము ఎత్తెను. ముక్కు దానంతట అది లోపలికి తిరిగెను. బాలుడు తండ్రి ముఖము చూచెను. మరల చేసి చూచెను.

అరగంట గడచునప్పటికి ఒక మార్పు వచ్చినది. అంతవరకు దీపమును చూచుచున్న కన్ను అద్దము దాటి నేలమీదికి పోయెను.

"అటు వద్దు నాన్నా, అక్కడ గట్టిపడింది. మెరుస్తోంది చూడు."

ఎల్డోరా బాటపై రాత్రి పదిగంటలకు మెరయు మన్ను ఆయనకు జ్ఞప్తికి వచ్చినది. కాని ఆ మాట చెప్పలేదు. ఇంజను ఆపి ఇద్దరును ఫ్లాస్కులోని టీ త్రాగిరి. మరల ఇంజను వేయగనే ట్రాక్షన్ కంట్రోల్ దానంతట అది పనిలో ప్రవేశించెను. ఎవరు ఆపినను, మరల బండి వేసినపుడు స్టెబిలిటీ కంట్రోల్ యథాస్థితికి రావలెనని అమెరికా నియమము. ఆ నియమమునకు లోబడిన కోడ్ ఆయన స్వయముగా వ్రాసినవాడు.

"మళ్ళీ తీసెయ్యనా?"

"వద్దు. రోడ్డు మీద అది ఉండాలి."

"మరి ఇంతసేపు ఎందుకు నాన్నా?"

"అది ఎప్పుడు పలుకుతుందో నీకు ముందే తెలుస్తుందేమోనని."

ఆ శీతకాలమంతయు బాలుడు ఒక ఆట కనిపెట్టుకొనెను: బడికి పోయి వచ్చులోపల దీపము ఎన్నిసార్లు మిణుకుమనెనో లెక్కించుట. మొదటి వారము ప్రతిదినము నాలుగైదు సార్లు. ఫిబ్రవరిలో ఒకటి, రెండు. కొన్ని దినములు అసలే లేదు. తండ్రి ఈ లెక్కను మెచ్చుకొనలేదు, కాదనలేదు. తల్లి మాత్రము రోజూ అడిగెడిది.

మార్చి మొదటి వారమున, మంచు కరిగిపోయినదని అందరును అనుకొన్న పిమ్మట, ఒక సాయంకాలము బాలుడు మౌనముగా ఇంటికి వచ్చెను. బడి చెంత వంతెన దాటునపుడు, పొడిగా కనిపించిన తారుపై కారు ఒక్కసారిగా ప్రక్కకు జారినది. పాదము కదలకముందే బ్రేకు టకటకలాడినది, దీపము వెలిగినది, కారు తన వరుసలో నిలిచినది. వంతెనలపై నీరు పలుచగా గడ్డకట్టి, రంగులేక, క్రిందనున్న తారు నలుపే తన నలుపుగా కనిపించు మంచు అది. తల్లి దేవుని తలచుకొని దండము పెట్టెను. తండ్రి ఏదియో చెప్పబోయి మానెను.

భోజనమువేళ బాలుడే అడిగెను: "ఏమీ తేడా లేకుండా రోడ్డులాగే ఉంటే, ఎట్లా పోల్చుకోవాలి నాన్నా?"

తండ్రి కంచము ముందునుండి లేచి, చేయి కడిగికొని, టార్చిలైటు తీసికొనెను. వెలుపల డ్రైవ్‌వే చివర, గొట్టమునుండి కారిన నీరు ఆ రాత్రి చలికి అప్పుడే బిగియుచుండెను. ఇద్దరును దాని ప్రక్కన గొంతుకూర్చుండి, దీపమును నేలకు తాకునంత క్రిందికి దించి, ఏటవాలుగా పట్టి చూచిరి.